చైనా బండి మీద బ్లూ రిడ్జ్ కొండలకు

మా ఆయనకు ఎదురుగా ఉన్నవి కనిపించడం తగ్గిపోతోంది. రెటీనా మధ్యభాగం దెబ్బతిన్నదన్నారు. మనిషిని చూస్తే ముఖం ఉండాల్సిన చోట పొగమంచు, చుట్టూ ఉన్న చెవులూ భుజాలూ మాత్రం మామూలుగానే కనిపిస్తాయట. కారు తాళాలు తనంతట తానే నాకిచ్చేశారు. సెప్టెంబరులో ఒకరోజు అన్నం తింటూ, "రమా, ఈసారి కొండల మీద ఆకులు రంగు మారినప్పుడు చూడాలని ఉంది. కార్‌లో కాదు, బైక్ మీద. వచ్చే ఏడాదికి ఎంత మిగులుతుందో డాక్టరే చెప్పలేకపోతున్నాడు" అన్నారు. గుంటూరులో పెళ్ళైన కొత్తలో ఆయన బండి వెనక కూర్చుని ఊరంతా తిరిగినదాన్ని. ఇప్పుడు ముందు కూర్చోవడం నా వంతైంది.

మోటార్‌సైకిల్ లైసెన్సు కోసం వారాంతపు శిక్షణకు వెళ్ళాను. నలభై ఆరేళ్ళ వయసులో పందొమ్మిదేళ్ళ పిల్లల మధ్య రెండుసార్లు పడ్డాను, మూడోసారి పాసయ్యాను. బండి మాత్రం ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశాం. చైనాలో తయారైన రెండొందల యాభై సీసీ బండి, రెండు వేల డాలర్ల పైచిలుకు. పేరున్న కంపెనీదైతే ఆ డబ్బుకు సగం బండి కూడా రాదు. మేముండే మోరిస్‌విల్‌లో మా స్నేహితులంతా నవ్వారు. "చైనా ఫోన్ విన్నాం గానీ చైనా బండేంటి రమా, వారంటీ కొండ కింది వరకేనా?" అని ఒకాయన అడిగాడు.

ఇనుప చట్రంలో వచ్చిన బండికి ముందు చక్రం, హ్యాండిల్, అద్దాలు, బ్యాటరీ మనమే బిగించుకోవాలి. గ్యారేజీలో నేను మాన్యువల్ చదువుతుంటే ఆయన చేతులతో తడుముతూ బిగించారు. ఆ మాన్యువల్ ఇంగ్లీషు చదివితే నాకే రెండుసార్లు తల తిరిగింది. ఫ్యాక్టరీ ఆయిల్ తీసేసి కొత్తది పోశాం. చేతికి దొరికిన ప్రతి బోల్టునూ మళ్ళీ బిగించాం. చాలావరకు వదులుగానే ఉన్నాయి. ఇలాంటి బండి కొనాలనుకునేవాళ్ళు ఒక శనివారం దీనికే కేటాయించుకోండి. ఆ తర్వాత పూజ. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, హెడ్‌లైటు కింద నిమ్మకాయా మిరపకాయల దండ కట్టాను. దారం అయితే గాలికి తెగుతుందని తెలివిగా సన్నని ఇనుప తీగకు గుచ్చాను. ఆ తెలివి సంగతి తర్వాత చెప్తాను.

అక్టోబరు చివర ఒక శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. ఇద్దరిని మోస్తే ఈ బండి యాభై ఐదు మైళ్ళ వేగం దాటడానికి మూలుగుతుంది కాబట్టి కార్లు డెబ్బైలో దూసుకెళ్ళే ఇంటర్‌స్టేట్ హైవే జోలికి పోలేదు. యాభై నాలుగో నంబరు రోడ్డు మీద చాపెల్ హిల్ దాటి గ్రాహం, అక్కడి నుంచి పాత హైవే మీద గ్రీన్స్‌బరో, వాల్నట్ కోవ్. అక్కడ చిన్న హోటల్లో టిఫిను చేశాం. వంటామె మా హెల్మెట్లు చూసి, "ఎవరు నడుపుతున్నారు?" అని అడిగింది. మా ఆయన నావైపు వేలు చూపించారు. ఆమె ఆయన ప్లేటులో ఇంకో బిస్కట్ వేసి, "ధైర్యవంతుడివి" అంది. అది మెత్తటి బన్ను లాంటి రొట్టె, మన బిస్కట్ కాదు. పెట్రోలు రెండుసార్లు కొట్టించినా, పోనూ రానూ కలిపి ఇరవై డాలర్లు దాటలేదు.

డాన్‌బరీ దాటి ఎనభై తొమ్మిదో నంబరు రోడ్డెక్కాక, ఒక మలుపులో బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. లైటు లేదు, హారన్ లేదు, తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. తోసుకుంటూ పక్కనే ఉన్న కిరాణా దుకాణం ముందుకు చేర్చాం. నాకు ఏడుపొచ్చింది. మబ్బు పడుతోంది, ఆదివారం నుంచి వానలన్నారు. వాన పడితే ఆకులన్నీ రాలిపోతాయి.

"నేనే చెప్పాను కదండీ, నాలుగు డబ్బులు ఎక్కువైనా మంచి బండి కొందామని! టో చేయించేస్తాను" అన్నాను.

"ఆగవే బాబూ. అరిచినంత మాత్రాన అది స్టార్ట్ కాదుగా. సీటు తియ్యి, ఫ్యూజ్ చూడు."

ఫ్యూజ్ మాడిపోయి ఉంది. పక్కనే కొత్తది ఒకటి అమర్చి పంపారు కంపెనీవాళ్ళు. వేద్దామంటే ఆయన వద్దన్నారు. ఎందుకు పోయిందో తెలియకుండా వేస్తే అదీ పోతుందట. హెడ్‌లైటు వెనక వైర్ల మీద వేళ్ళు పోనిచ్చి, వెతుకుతూ వెతుకుతూ ఒక్కసారి ఆగి నవ్వడం మొదలుపెట్టారు.

"రమా, ఈ తప్పు చైనా వాళ్ళది కాదు. మనదే."

నా దండ తీగ కొస వైరుకు ఒరుసుకుని, ఒరుసుకుని పైతొడుగు కోసేసి షార్ట్ చేసింది. టేపు కోసం దుకాణంలోకి వెళ్తే, కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ కూడా బయటికొచ్చి చూసింది. ఈ నిమ్మకాయలెందుకని అడిగింది. బండికి చెడు జరగకుండా అన్నాను. ఆమె దండను వేలితో తిప్పి చూసి, "మరి వీటి నుంచి కాపాడ్డానికి ఏం కడతారు?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. తీగ తీసేసి, వైరుకు టేపు చుట్టి, కొత్త ఫ్యూజ్ వేస్తే మొదటి నొక్కుకే స్టార్టయింది. నిమ్మకాయలు మాత్రం బ్యాగులో పెట్టుకున్నాను, పారేయడానికి మనసొప్పలేదు.

మౌంట్ ఎయిరీ దాటి, లోగ్యాప్ మీదుగా, బ్లూ రిడ్జ్ కొండల వెంట సాగే పార్క్‌వే రోడ్డు ఎక్కేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అక్కడ ప్రవేశ రుసుము లేదు, వేగం నలభై ఐదుకు మించకూడదు. మా బండికి సరిగ్గా సరిపోయే రోడ్డు. రెండువైపులా చెట్లు ఎర్రగా, పసుపుగా, కొన్ని ఇంకా పచ్చగా ఉన్నాయి. వెనక నుంచి ఒక్క మాట లేదు. ఆయనకు ఏమీ కనిపించడం లేదేమో, ఇంత దూరం తీసుకొచ్చి ఇంకా బాధపెట్టానేమో అనుకుంటూనే నడిపాను. లోయ కనిపించే చోట బండి ఆపి, ధైర్యం చేసి అడిగాను.

"ఏమైనా కనిపించిందా అండీ?"

"వెనక కూర్చున్నవాడికి ఎదురుగా ఏముంటుంది రమా? నీ హెల్మెట్టే కదా. కళ్ళు బాగున్నవాడికైనా అంతే. అటూ ఇటూ ఉన్నదంతా చూశాను. ఒక్క చెట్టూ వదల్లేదు."

నేను హెల్మెట్ తీయలేదు, ఏడుస్తున్నట్టు తెలియకూడదని. ఆయనకు నా ముఖం ఎలాగూ కనిపించదన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. కానీ ఆయన చెయ్యి అప్పటికే నా భుజం మీద ఉంది.

ఆ రాత్రి మౌంట్ ఎయిరీలో మోటెల్లో ఉండి, మర్నాడు అదే దారిలో ఇంటికొచ్చాం. బండి మళ్ళీ ఆగలేదు. చైనా బండి నమ్మొచ్చా అని ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. చైను త్వరగా సాగుతుంది, అద్దాలు వణుకుతాయి, పెయింటు రెండేళ్ళుంటే గొప్పే. ఇంజను మాత్రం అడిగినంత పని చేస్తుంది. ఖరీదైన బండి కోసం డబ్బు కూడబెడుతూ కూర్చుని ఉంటే ఈ శరత్కాలం మాకు దక్కేది కాదు. నాకు అంతకంటే లెక్క తెలియదు.

చివరిగా ఒక్క సలహా. బోల్టులు మళ్ళీ బిగించేటప్పుడు వెనక కూర్చునేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టుల దగ్గర మొదలుపెట్టండి. బండిని చట్రంలో పెట్టి పంపినవాళ్ళకు అక్కడ ఎవరు కూర్చుంటారో తెలియదు. మీకు తెలుసు.