కొండగనిలో కర్పూరహారతి

ఆ రోజుల్లో నాకు తెలిసిన సంగతులు తక్కువ, చెప్పే సంగతులు ఎక్కువ. (ఇప్పుడు రెండూ తగ్గాయని మా ఆవిడ అభిప్రాయం.) వెస్ట్ వర్జీనియా కొండల్లో ఎమ్మెస్ చదువుతూ, మా యూనివర్సిటీవాళ్ళు సందర్శకుల కోసం అట్టిపెట్టిన పాత బొగ్గుగనిలో గైడ్ ఉద్యోగం కొట్టేశాను. గోదావరిఖనిలో పుట్టానన్న ఒక్క ముక్కతోనే సుమండీ! బొగ్గును ఇస్త్రీపెట్టెలో తప్ప ఎక్కడా చూడలేదన్న సంగతి వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు.

నా పైవాడు రిటైరైన గని కార్మికుడు. గడ్డం నడుం దాకా, గొంతు పాతాళం దాకా. నేను 'తాత' అనేవాణ్ణి. "మా నాన్న మీద పైకప్పు కూలితే కంపెనీవాళ్ళు ముందడిగింది బొగ్గుబండి లాగే కంచరగాడిద క్షేమమేనా అని. మనిషైతే ఊరికే దొరుకుతాడు, గాడిదను కొనుక్కోవాలి కదా!" అని ఆయన చెప్పిన కథలో గాడిద, నెల తిరక్కుండా నా నోట్లో ఏనుగంత అయింది. "ఈ శనివారం టూర్ నువ్వే నడుపు. తేడా వచ్చిందో, మళ్ళీ కెఫెటేరియాకే" అన్నాడు తాత. అక్కడ నేను అంతకుముందు కడిగిన ప్లేట్లు పేరిస్తే ఆ కొండే పొట్టిదైపోతుంది.

శనివారం పక్క రాష్ట్రం నుంచి వ్యాన్ నిండా తెలుగువాళ్ళు దిగారు. ఇంకేం, విజృంభించాను. వెనకాల తాత, భాష తెలియకపోయినా, తలూపుతున్నాడు. గని లోపలికి వెళ్ళాక మా ఊరి కార్మికులు మైసమ్మకు మొక్కే సంగతి ఎత్తుకున్నాను. "అమ్మవారికి దండం పెట్టకుండ బొగ్గుబాయిల దిగినోడే లేడండీ! ఒకడు మరిచిపోయి దిగితే భూమి గర్జించింది!" (గర్జించింది హెడ్ క్లర్కు, వాడు ఆలస్యంగా వచ్చినందుకు.)

"అయ్యో, మరి మనం ఉత్త చేతుల్తో వచ్చేశామేంటి బాబూ?" అంది ముందు నిలబడ్డ గుంటూరు ఆంటీ. "ఏమండీ, కాస్త ఈ బ్యాగ్ హోల్డ్ చేయండి."

నేనింకా గర్జనలోనే ఉన్నాను. ఆవిడ బ్యాగ్ తెరిచి, బొగ్గుగోడ ముందు కర్పూరం బిళ్ళ పెట్టి అగ్గిపుల్ల తీసింది. బొగ్గుగనిలో నిప్పు! తాత గాల్లో ఎగిరి (నా లెక్కన పది గజాలు) అగ్గిపెట్టె లాక్కుని, "గ్యాస్ గనక ఉంటే మనమే చరిత్రలో కలిసిపోతాం!" అని అరుస్తూ అందరినీ బయటికి తోలాడు.

బయట నా కళ్ళముందు ప్లేట్లే ప్లేట్లు. "ఏం చేయబోయిందో అడుగు" అన్నాడు తాత. అడిగాను.

"లోపల పోయినవాళ్ళ కోసం, రేపు దిగేవాళ్ళ కోసం దణ్ణం పెట్టుకుందామని. ఉన్నదున్నట్టు చెప్పు బాబూ, నీ కోతలు కలపకు."

జీవితంలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాను. తాత గనిద్వారం కేసి చూశాడు. "మా అన్న కూడా పైకి రాలేదు" అని హెల్మెట్ తీశాడు. ఆవిణ్ణి దూరంగా కంకర మీదికి తీసుకెళ్ళి, అగ్గిపెట్టె తిరిగిచ్చాడు. హారతి చూపిస్తే చలి కాచుకున్నట్టు అరచేతులు రుద్దుకున్నాడు. "అలాక్కాదండీ, కళ్ళకద్దుకోవాలి" అంటూ ఆంటీ చేసి చూపిస్తే, బుద్ధిగా అద్దుకున్నాడు.

వ్యాన్ వెళ్ళాక నా వైపు తిరిగి, "సోమవారం రా. మీ అమ్మవారి కథ మాత్రం బయటే చెప్పు" అన్నాడు.

ఇప్పుడు ప్లేనో ఆఫీసులో పెద్ద పెద్ద మీటింగుల్లో అంతకు రెట్టింపు కోతలు కోస్తుంటాను. అందరూ మర్యాదగా ఫోన్లు చూసుకుంటారు. చెప్పినదాన్ని నమ్మి, వెంటనే బ్యాగ్ తెరిచే శ్రోత దొరికిన ఆనాటి గైడు కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయగా కూడా ఉంటుంది.