పాత కెర్నెల్‌ను ఉంచిన మధులత గారు

పాలకొల్లు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసేది మధులత గారు. రోజూ బస్సు దిగి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే నలభై మెషీన్లనూ వరసగా ఆన్ చేస్తారు. ఒక్కోటీ బూట్ అయ్యేదాకా చేతులు కట్టుకుని దాని ముందే నిలబడతారు. లినక్స్‌కి గుండెకాయలాంటిది కెర్నెల్. కొత్త కెర్నెల్ వేసినప్పుడల్లా, మెషీన్ లేచేటప్పుడు చూపించే జాబితాలో దాని పేరు చేత్తో చేర్చాలి. ఎక్కడ పొరబడినా మెషీన్ లేవదు. రెండేళ్లు ఆ పని చేసి విసిగి, 2002 వేసవి సెలవుల్లో ఆవిడే ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాశారు. అది కొత్త పేరును తనంతట తానే జాబితాలో పైన చేరుస్తుంది, పాతదాన్ని కింద ఉంచుతుంది.

మరుసటి ఏడు మార్చిలో, ప్రాక్టికల్ పరీక్షల కోసం ముందురోజు కొత్త కెర్నెల్ వేశారు. పొద్దున్న చూస్తే పదకొండు మెషీన్లు సగంలో ఆగిపోయాయి.

“ఏంటండీ ఇది? పరీక్ష వాయిదా వేసేద్దామా?” అని హెచ్ఓడీ శ్రీరామమూర్తి గారు కంగారుపడ్డారు.

“వద్దండి, ఒక్క పది నిమిషాలు” అంటూ ఆవిడ ఒక్కో కీబోర్డు మీదికీ వంగి, జాబితాలో రెండో పేరు ఎంచుకుంటూ వెళ్లారు. పాత కెర్నెల్‌తో పదకొండూ లేచాయి.

“అసలెందుకు ఆగిపోయాయండీ?” అని హెచ్ఓడీ గారు అడిగారు.

“కొత్త మెషీన్ల మీదే వేసి చూశానండి, ఈ పదకొండు పాతవాటి మీద చూడలేదు. తప్పు నాదే. నేను పొరబడితే పిల్లల పరీక్ష పోకూడదు కదండీ, అందుకే స్క్రిప్టులో పాతది ఉంచాను” అని ఆవిడ తలుపు తీసి మొదటి బ్యాచ్‌ని లోపలికి పిలిచారు.