అనసూయక్క, బండి చక్రాల బిల్లు

మొన్న ఉదయం టీ తాగుతూ ఉండగా వీధిలోంచి ఇనుప చక్రాల చప్పుడు వినిపించింది. గ్లాసు అక్కడే పెట్టి గేటు దాకా వెళ్లాను. రాళ్లను నలుగగొట్టుకుంటూ వచ్చే ఆ గడగడ ఒకప్పుడు చెరుకు కాలం మొదలైందంటే మా వైపు పగలంతా వినబడేది. ఇప్పుడు పిల్లలకు చెప్పినా అర్థం కాదు. చూస్తే ఎద్దుల్లేవు. ఒక పాత బండిని ట్రాక్టరు వెనక కట్టి లాక్కుపోతున్నారు. ఎక్కడికయ్యా అని అడిగితే డ్రైవరు నవ్వి, "బోధన్ రోడ్డు మీద కొత్త హోటలు వడ్డది గదమ్మ, దాని ముంగట వెడ్తరట, ఫోటోలు దిగనీకి" అన్నాడు. బండి మలుపు తిరిగిపోయినా నేను అక్కడే నిలబడిపోయాను. ఆ చక్రాల కోసం ఒకప్పుడు శాసనసభలో నిలబడి మాట్లాడిన మనిషిని నేను దగ్గరుండి చూశాను. ఆమె పేరు అనసూయక్క. మా వైపు ఎమ్మెల్యే. నాకు వకాలతు నేర్పింది కాలేజీ అనుకుంటారు చాలామంది. కాదు, ఆవిడే.

రెంజల్ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టింది అనసూయక్క. చదువుకున్నది ఉర్దూలో, అదీ కొద్దిగా. తెలుగు చక్కగా చదివేది, మరాఠీ బాగా మాట్లాడేది. ఇంగ్లీషు మాత్రం "ఎస్సార్, నోసార్" దగ్గర ఆగిపోయింది. ఎమ్మెల్యే అయ్యాక కూడా హైదరాబాదుకు బస్సులోనే వెళ్లేది. చేతిలో ఒక గుడ్డసంచి, అందులో కళ్లద్దాలు, సభ కాగితాలు, వేయించిన పల్లీలు. సభలో కూడా పల్లీలు తింటుందని గిట్టనివాళ్లు ఒక మాట పుట్టించారు. అది పూర్తిగా అబద్ధమని నేను చెప్పలేను.

ఇక నా సంగతి. మా నాన్న మరికొన్ని కుటుంబాలతో కలిసి కృష్ణా జిల్లా నుంచి వచ్చి రుద్రూర్ దగ్గర కాలువ కింద పొలం కొని చెరుకు పెట్టాడు. నేను హైదరాబాదులో లా చదివి, నల్లకోటు కుట్టించుకుని, నిజామాబాదు కోర్టులో చేరాను. కోటు ఇస్త్రీ నలగకుండా ఉండేది, ఎందుకంటే నాకు కేసులు లేవు. ఆడ వకీలును పెట్టుకుంటే అవతలివాడు నవ్వుతాడని కక్షిదారుల భయం. మా సీనియరు గారి ఆఫీసులో చివరి కుర్చీలో కూర్చుని ఈగలు తోలుకుంటున్న రోజుల్లో అనసూయక్క లోపలికి వచ్చి, "ఇంగ్లీష్ కాగితం సదివేటోళ్లు ఎవలన్న ఖాళీగున్నరా?" అంది. ఆఫీసంతా నా వైపే చూసింది.

అది అచ్చువేసిన బిల్లు. తారు రోడ్లు పాడైపోతున్నాయని, ఇనుప పట్టా చక్రాల బండ్లు ఇకమీదట వాటి మీద నడవకూడదని, రబ్బరు టైర్లున్న బండ్లే నడవాలని దాని సారం. నేను గొంతు సవరించుకుని, కోర్టులో ఎన్నడూ రాని అవకాశం ఇక్కడ వచ్చినందుకు, ఒక్కో క్లాజూ చదివి గంభీరమైన తెలుగులో వివరించాను. "ఇందుకు విరుద్ధముగా మరే ఇతర శాసనమందు ఏమి ఉన్నప్పటికినీ" అంటూ మంచి ఊపులో ఉండగా ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"గది గాదు వకీలమ్మ. గీ మాటతోని ఎవలింట్ల ఏమైతదో జెప్పు."

నేను మళ్లీ చూశాను. ఈసారి అక్షరాల వెనకాల మా ఇల్లు కనిపించింది. "మా నాన్న బండ్లు రెండూ మూలపడతాయక్కా" అన్నాను. "చెరుకు నరికాక ఫ్యాక్టరీకి తోలాలంటే తారు రోడ్డు ఎక్కక తప్పదు. టైర్ల బండి కొనే స్తోమత మాకే లేదు. మా పక్క చిన్న రైతులకు అసలు లేదు. నరికిన చెరుకు గట్టు మీదే ఎండుతుంది."

ఆవిడ కళ్లద్దాలు తీసి సంచిలో పెట్టుకుంది. "ఇగో, ఇప్పుడు సదివినవ్" అంది. నాకు ఆ రోజు డిగ్రీ మళ్లీ ఇచ్చినట్టయింది. మర్నాటి నుంచి నేను ఆవిడ మనిషిని. జీతం లేదు, పల్లీలు మాత్రం దండిగా ఉండేవి.

బిల్లు అప్పటికే సభలో ప్రవేశపెట్టారని తెలిసి నేను డీలాపడిపోయాను. ఇంకేముంది, చట్టం అయిపోయినట్టే కదా అన్నాను. లా చదివానన్న మాటే గాని, సభ ఎలా నడుస్తుందో నాకు తెలియదు. అనసూయక్క పడీపడీ నవ్వింది. "ప్రవేశవెట్టుడంటే ఇంట్లకు పిలిచి పీట ఏసుడే. మంత్రి లేచి, బిల్లు వెట్టనీకి ఇజాజత్ ఇయ్యుండ్రి, అనుమతి ఇయ్యుండ్రి అంటడు. మేము సరే అంటం. ఆ దినం మంచిదా చెడ్డదా అని ఎవ్వలడుగరు. అచ్చేసి అందరికీ పంచుతరు. తర్వాత ఒక దినం, ఇగ చర్చ జేద్దమా అంటరు. గప్పుడు మూడు తొవ్వలుంటయ్. సీదా చర్చ జేసి పాస్ చేసుడు. లేదంటే, లోకం ఏమంటదో తెలుసుకొని రాండ్రని బయటకు పంపుడు. లేదంటే, కొంతమంది సభ్యులను ఏరి, మీరు కూసోని దీన్ని జల్లెడ వట్టుండ్రి అని సెలెక్ట్ కమిటీకి అప్పజెప్పుడు. మనం మూడో తొవ్వ వట్టాలె."

ఆ దారి చెప్పినంత తేలిక కాదు. ఆవిడ ఉన్నది అధికార పక్షంలోనే. సొంత ప్రభుత్వం తెచ్చిన బిల్లుకు సవరణ ఇవ్వడమంటే పెళ్లివారింట్లో కూర్చుని వంట బాగాలేదన్నట్టు. నేను సవరణ నోటీసు రాసిపెట్టాను. ఫలానా సభ్యులతో సెలెక్ట్ కమిటీ వేయాలి, ఫలానా నాటికి నివేదిక ఇవ్వాలి, అంతే. అందులో బిల్లును నాలుగు తిట్లు తిడదామని నేను చూస్తే ఆవిడ ఒప్పుకోలేదు. పార్టీ పెద్దలు పిలిచి మందలించారు. నోటీసు వాపసు తీసుకోకపోతే వచ్చేసారి టికెట్టు మరిచిపొమ్మన్నారట. బయటికి వచ్చి నాకు ఆ మాట చెప్పి, పల్లీలు నా చేతిలో పోసింది. "టికెట్టు పోతే రెంజల్‌ల చేన్లున్నయ్. ఈ చెరుకు పోతే వీళ్లకేమున్నది?" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖంలో బెంగ ఏమాత్రం లేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

చర్చ రోజున నేను సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. అనసూయక్క లేచింది. "అధ్యక్షా, నేను బిల్లును వద్దంటలేను" అని మొదలుపెట్టింది. "రోడ్లు మావే, బండ్లు మావే. మా బండి మా రోడ్డును తొక్కుతున్నది. గీ ఇంటి పంచాయితీని జర కూసోని మాట్లాడుకుందమంటున్న." సభ నవ్వింది, మంత్రిగారూ నవ్వారు. నవ్విన మనిషికి కాదనడం కష్టం కాబోలు, ఆయన లేచి, బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపడానికి తమకు అభ్యంతరం లేదన్నారు. స్పీకరు అనుకూలురను అవుననమన్నారు. సభంతా "అవును" అంది. గ్యాలరీలో నోరు మెదపకూడదని తెలిసీ నేనూ పెదవుల్లోనే అన్నాను. సవరణ తెచ్చినందుకు కమిటీలో అనసూయక్కకు చోటు దక్కింది. రైతుల సాక్ష్యం వినడానికి కమిటీ మా వైపు వచ్చేలా దాని అధ్యక్షుణ్ణి ఒప్పించింది కూడా ఆవిడే.

అసలు తమాషా అక్కడే జరిగింది. కమిటీ రుద్రూర్ వస్తోందని తెలియగానే రైతులు సాక్ష్యం సంగతి మరిచిపోయి వంటల సంగతి పట్టుకున్నారు. ఊరి పెద్ద రైతు మల్లన్న వాళ్లింట్లో సకినాలు, మక్కగారెలు. మా అమ్మ పులిహోర, బొబ్బట్లు. నాటుకోడి ఎవరు వండాలన్న దాని మీద మాత్రం మా వాళ్లకూ ఊరివాళ్లకూ చిన్న పోటీ. హైదరాబాదు నుంచి చుట్టాలు వస్తున్నట్టే అంతా. విచారణ అయ్యాక భోజనాలు పెట్టండి మొర్రో అని నేను మొత్తుకున్నాను. ఎండలో వచ్చినవాళ్లను ఆకలితో కూర్చోబెడతారా అని మా నాన్న నామీదే కేకలేశాడు. కమిటీ సభ్యులు కొసరి కొసరి వడ్డించగా తిని, బడి వరండాలో కుర్చీలలో కూలబడ్డారు. అధ్యక్షులు రైతులను ఎదురుగా కూర్చోబెట్టి అడిగారు.

"ఈ చట్టం వస్తే మీకేమైనా ఇబ్బంది ఉంటుందా?"

మల్లన్న చేతులు జోడించాడు. "ఏం తక్లీఫ్ లేదు సార్. మీరు పెద్దోళ్లు, సోంచాయించే, అన్నీ ఆలోచించే చేస్తరు గద."

అధ్యక్షులు మా నాన్న వైపు తిరిగారు. అంతకుముందు రోజు దాకా ఈ బిల్లును నానా మాటలూ అన్న మా నాన్న లేచి, "అబ్బే, మాకేం ఇబ్బందండీ. ప్రభుత్వం వారు మన మంచికే కదండీ చేసేది" అని కూర్చున్నాడు. ఆ తర్వాత లేచిన ప్రతివాడూ అదే పాట. మా గట్టు తగువుల్లో ఏనాడూ ఒక మాట మీదికి రాని కృష్ణా వాళ్లూ ఊరివాళ్లూ ఆ రోజు మాత్రం ఏకగ్రీవంగా మునిగిపోయారు. తమ ఇంట్లో చెయ్యి కడుక్కున్న చుట్టానికి ఎదురు మాట ఎలా చెబుతారు? కమిటీ వెంట వచ్చిన రోడ్ల శాఖ అధికారి సంతోషంగా ఫైలు మూసుకున్నాడు. విలేకరి లాగా పక్కన కూర్చుని రాసుకుంటున్న కమిటీ గుమాస్తా "ఇబ్బంది లేదు" అని రాయడం నా కళ్లతో చూశాను.

అనసూయక్క వంక చూశాను. కోపంగా ఉంటుందనుకున్నాను. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. తర్వాత అధ్యక్షుల అనుమతి అడిగి, చుట్టపుచూపుగా వచ్చినదానిలా మాట కలిపింది.

"మల్లన్నా, నీ బండి చక్రం ఎవలు చేసిండ్రే?"

మల్లన్న ముఖం వెలిగిపోయింది. "మా ఊరి వడ్లాయనే అక్క. తుమ్మకర్ర. పట్టా ఎర్రగ కాల్చి ఎక్కించినం. మా బాపు నాటిది, ఇంకా చెక్కుచెదరలే."

"టైర్ల బండి ఇస్తే తీసుకుంటవా మరి?"

"ఎవలొద్దంటరక్క? ఎద్దుకు అల్క, బరువే తెల్వదు. గని చెరుకు నరికినంక మోళ్లుంటయ్ గద, సూదుల్లెక్క. గవి టైరుల దిగితే బండి ఆడనే కూసుంటది."

"కూసుంటే ఏం జేస్తవ్?"

"గాలి గొట్టెటోడు బోధన్ల ఉండె, బండి చేన్ల ఉండె. ఏం జేస్త? చెరుకు దించి, చక్రం ఊడవీకి, నెత్తిమీద వెట్టుకొని బస్సెక్కాలె."

వరండా అంతా నవ్వింది. చక్రంతో బస్సెక్కితే కండక్టరు టికెట్టు కొట్టడా అని ఎవరో అన్నారు. అంతే, కట్ట తెగింది. ఒకరు పట్టా అరిగితే ఏం చేస్తారో చెప్పారు, ఇంకొకరు ఫ్యాక్టరీ దాకా ఏ దారిన వస్తారో చెప్పారు. మా నాన్న లేచి నిలబడి, రెండు ఎద్దులు అమ్మితే గాని ఒక జత టైర్లు రావని, ఎద్దులు లేకపోతే టైర్లు ఎవరు లాగుతారని అధ్యక్షులనే అడిగాడు. రోడ్ల అధికారి మళ్లీ ఫైలు తెరిచి, ఎండాకాలం తారు మెత్తబడ్డప్పుడు ఇనుప పట్టా ఎలా కోసుకుపోతుందో వివరించాడు. "అవు సార్, గది నిజమే, మేమే చూస్తున్నం" అని మల్లన్నే ఒప్పుకున్నాడు. సాయంత్రం దాకా ఒక్కరి నోటా ఇబ్బంది అన్న మాట రాలేదు. ఉన్న ఇబ్బందంతా మాత్రం వచ్చింది. గుమాస్తా చెయ్యి నొప్పి పెడుతోందని మొరపెట్టుకున్నాడు.

కమిటీ నివేదికతో బిల్లు మారిపోయి తిరిగొచ్చింది. నిషేధం పట్టణాల్లోని రోడ్లకే ఉంచారు. పంట తోలే బండ్లను వదిలేశారు. టైర్లు పెట్టించుకోదలచిన రైతుకు అప్పు ఇచ్చే ఏర్పాటు కూడా చేర్చారు. ఆ బిల్లుకు అందరికంటే గట్టిగా అవునన్నది అనసూయక్కే. ఆ ఏడు మా నాన్న బండ్ల మీద చెరుకు ఎక్కించి ఫ్యాక్టరీకి బయలుదేరుతుంటే నేను కోర్టు మానేసి బండెక్కి కూర్చున్నాను. అంత హాయిగా నేను మళ్లీ ఎన్నడూ ప్రయాణం చేయలేదు.

టికెట్టు సంగతంటారా, అన్నమాట ప్రకారమే ఆవిడకు ఇవ్వలేదు. ఆవిడ దాని గురించి ఒక్కసారైనా వాపోగా నేను వినలేదు. నా ప్రాక్టీసు పుంజుకున్నాక, డెబ్బయ్యో దశకం చివర్లో, ఒకసారి నిజామాబాదులో వాళ్ల బంధువుల ఇంట్లో ఉందని తెలిసి చూడ్డానికి వెళ్లాను. చిక్కిపోయింది. ఎలా ఉన్నారక్కా అని అడిగాను.

"ఏం తక్లీఫ్ లేదు వకీలమ్మ" అంది.

నేను సరే అని లేచేదాన్నే. మళ్లీ కూర్చున్నాను. "పొద్దటి నుంచి ఏమేం చేశారక్కా?" అన్నాను.

నా వైపు ఒక క్షణం చూసి పెద్దగా నవ్వింది. "నన్నే కమిటీకి పంపుతున్నవా?" అంది. నవ్వుతూనే మెల్లగా చెప్పింది. పొద్దున లేచి కిటికీ దగ్గర కూర్చున్నానంది. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నానంది. మోకాళ్లు వంగడం లేదని, బస్సు మెట్లు ఎక్కలేక రెంజల్ చేలు చూసి చాలా రోజులైందని చెప్పింది. వీళ్లను తీసుకెళ్లమనొచ్చు గాని వీళ్లింట్లోనే ఉంటూ ఎట్లా అడగాలంది. నేను వెళ్లి అద్దె కారు తీసుకొచ్చాను. ఆ సాయంత్రం ఆవిడ సొంత చేను గట్టు మీద కూర్చుని, కూలీలతో మరాఠీలో జోకులేసి, పల్లీలు పంచింది.

ఇన్నేళ్ల వకాలతులో నా దగ్గరికి ఎందరో వచ్చారు. చాలామంది కుర్చీ అంచున కూర్చుని, పెద్ద ఇబ్బందేమీ లేదమ్మా, ఊరికే వచ్చానంటారు. నేను కలం మూత పెట్టేసి, పొద్దటి నుంచి ఏం చేశారో చెప్పమంటాను. ఇబ్బంది లేదన్న మనిషిని ఆ మాటతోనే పంపించడం నాకు ఇప్పటికీ చేతకాదు.