ఆకు డీఎన్ఏ, వేరు డీఎన్ఏ

1996 జూన్‌లో నేను తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం రీడర్‌గా చేరాను. రీడర్ అంటే ఆ రోజుల్లో లెక్చరర్‌కు పైన, ప్రొఫెసర్‌కు కింద ఉండే హోదా. పరిశోధక విద్యార్థులకు గైడ్‌గా ఉండే అవకాశం నాకు దానితోనే వచ్చింది. నా దగ్గర మొదట చేరిన విద్యార్థిని మునిలక్ష్మి. వడమాలపేట దగ్గర వేరుశనగ పండించే కుటుంబం. రోజూ పుత్తూరు బస్సులో వచ్చేది. చాలాసార్లు ప్రయోగశాల తాళం తీయకముందే వచ్చి వరండాలో నిలబడి ఉండేది.

ఆమెకు నేనిచ్చిన అంశం వేరుశనగలో డీఎన్ఏ మిథైలేషన్. ఒక మొక్కలో ఆకుదైనా వేరుదైనా డీఎన్ఏ అక్షరాల వరుస ఒకటే. అయితే ఆ అక్షరాల్లో కొన్నింటికి మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు అంటుకుని ఉంటుంది. అవి దట్టంగా ఉన్నచోట జన్యువులు సాధారణంగా పనిచేయవు. ఏ భాగంలో ఎక్కడ ఆ గుర్తు ఉంచాలో, ఎక్కడ తీసేయాలో మొక్కే చూసుకుంటుంది. దాన్ని పట్టుకోవడానికి మా దగ్గర రెండు ఎంజైములుండేవి. రెండూ డీఎన్ఏను ఒకే చోట కోస్తాయి. ఆ చోట మిథైల్ గుర్తుంటే మొదటిది లెక్కచేయకుండా కోస్తుంది, రెండోది ఆగిపోతుంది. రెండింటి ముక్కలనూ జెల్ అనే మెత్తని పలకలో పెద్దవి పైన, చిన్నవి కింద ఉండేలా విడదీసి, ఎక్స్‌రే ఫిల్ము మీద పక్కపక్కన చూస్తే సంగతి తెలుస్తుంది.

మూడో ఏడాది ఆమె ఒక ఫిల్ము తెచ్చి చూపించింది. వేరు డీఎన్ఏను రెండో ఎంజైము ముక్కలు ముక్కలుగా కోసింది. అదే మొక్క ఆకు డీఎన్ఏ మాత్రం దాదాపు కోతపడకుండా పైనే నిలిచిపోయింది. ఇంత తేడా ఉంటుందని నేను నమ్మలేదు. వేరుశనగ ఆకులోని జిగురు, వగరు పదార్థాలు డీఎన్ఏతో పాటు వచ్చి ఎంజైమును అడ్డుకున్నాయనీ, శుభ్రం చేయడం చాలలేదనీ చెప్పాను.

"మొదటి ఎంజైము అదే ఆకు డీఎన్ఏని బాగా కోసింది కద సార్. మురికుంటే అదీ ఆగిపోవాల కదా?" అంది.

మొదటిది మొండిదనీ, రెండోది సుకుమారమైనదనీ జవాబిచ్చాను. అది అబద్ధం కాదు. కానీ మా గొట్టాల్లో అదే జరిగిందా అని నేను చూడలేదు. ఆమె మరో రెండుసార్లు చేసింది. అదే ఫలితం. ఆ అధ్యాయాన్ని థీసిస్‌లోంచి తీసేయమన్నాను. అది రెండేళ్ల పని. ఆ నెలలోనే ఆమె ఫెలోషిప్ పొడిగింపు కాగితం నా బల్ల మీదికి వచ్చింది. పురోగతి సంతృప్తికరం అని గైడ్ సంతకం చేయాలి. నేను చేయకుండా పక్కన పెట్టాను. పొడిగింపు రాకపోతే ఆమె థీసిస్ పూర్తికాకుండానే ఇంటికి వెళ్లిపోవాలి.

ఆ సంగతి తెలిశాక రెండు రోజులు ఆమె రాలేదు. గాజు సామాను కడిగే అటెండరు నరసింహులు నా గదికి వచ్చి, "మొన్న సాయంత్రం ఆ పాప బెంచీ కాడ ఒక్కతే కూచోని ఏడ్సింది సార్. మీకు సెప్పద్దన్నాది. నాకే మనసొప్పలా" అన్నాడు. నాకు సిగ్గనిపించింది. కానీ ఏం చేయాలో తోచలేదు.

మూడో రోజు ఆమే వచ్చింది. "సార్, ఈతూరి గొట్టాల మీద పేర్లు నేను రాయను. మీరే నంబర్లు వెయ్యండి. ఏది ఆకో, ఏది ఏరో నాకు సెప్పద్దండి. ఫిల్ము సూసి నేనే సెప్తాను. తప్పయితే ఆ చాప్టరు నేనే తీసేస్తాను."

ఒప్పుకుని ఒక షరతు చేర్చాను. ప్రతి గొట్టంలో మిథైల్ గుర్తులు లేని వైరస్ డీఎన్ఏ కొంచెం కలపాలి. ఆకు పదార్థాలు ఎంజైమును ఆపుతున్నాయంటే అదీ తెగకూడదు. ఈ మాట నేను మొదటి రోజే చెప్పవలసింది.

చాలా ఏళ్లుగా స్వయంగా ఆ పని చేయని నేనే మర్నాడు ఆకులూ వేళ్లూ ద్రవ నైట్రోజన్‌లో నూరి, డీఎన్ఏ తీసి, ఎనిమిది గొట్టాలకు నంబర్లు వేసి, ఏ నంబరు ఏదో నా డైరీలో రాసుకున్నాను. మిగతా పని ఆమెది. జెల్ మీద చూస్తే వైరస్ డీఎన్ఏ అన్ని గొట్టాల్లోనూ పూర్తిగా తెగింది. నా అభ్యంతరం అక్కడే పోయింది. నాలుగు రోజుల తర్వాత ఫిల్ము కడిగాం. ఆమె దాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని, ఒక్కో నంబరు కింద ఆకు, వేరు అని రాసుకుంటూ పోయింది. నా డైరీ తెరిచి చూశాను. ఎనిమిదీ సరిపోయాయి.

ఆమె నవ్వలేదు. "సార్, ఆ కాయితం?" అని అడిగింది.

అక్కడే సంతకం చేశాను. ఆపినందుకు ఏమీ అనుకోవద్దన్నాను. "మీరడిగిన ప్రశ్న మంచిదే సార్. అడిగినప్పుడే పరీక్ష పెట్టి సూసుంటే సరిపోయుండు" అంది.

థీసిస్ ఆ అధ్యాయంతోనే వెళ్లింది. మౌఖిక పరీక్షకు వచ్చిన బయటి పరీక్షకుడు ఎక్కువసేపు దాని గురించే అడిగాడు. అన్నింటికీ ఆమె నిదానంగా జవాబులు చెప్పింది. డిగ్రీ వచ్చాక చిత్తూరులో ఒక కళాశాలలో అధ్యాపకురాలిగా చేరింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, విద్యార్థి ఫలితం నాకు మింగుడు పడనప్పుడు, తీసేయమనే ముందు ఏ పరీక్షతో తేలుతుందో చూసి అది చేయించాను. చాలాసార్లు వాళ్లది తప్పని తేలింది, కొన్నిసార్లు నాది. ఏది తేలడానికైనా పట్టింది ఒక వారమే.