ఎస్తేరక్క దీపం ముట్టించనన్నదని చెప్పాను

నా అంత తెలివితక్కువవాణ్ణి నేను అద్దంలో తప్ప ఇంకెక్కడా చూడలేదు. ఒక వేషం కోసం ఒక మనిషిని అమ్మేశాను. ఆ వేషం కూడా నాకు దక్కలేదు. అమ్ముడుపోవడంలో కూడా మోసపోయినవాణ్ణి ఏమంటారో మీకు తెలిస్తే చెప్పండి. నన్ను నేను తిట్టుకోవడానికి సరైన మాట ఇన్నేళ్లుగా వెతుకుతూనే ఉన్నాను.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. తాగినప్పుడు కూడా చెప్పలేదు, నాలో ఉన్న నిగ్రహమల్లా అదొక్కటే. బరువు మోసేవాళ్లకు భుజాలు నొప్పి పెడతాయంటారు. నాకు నాలుక నొప్పి.

మాది మేడ్చల్. ఒక ఫ్యాక్టరీలో గుమస్తాని. తొంభైల్లో పేట్ బషీరాబాద్‌లో, హైవే పక్కన, మా నాటక సమాజానికి సొంత హాలుండేది. కోస్తా నుంచి వచ్చి కొత్త కాలనీల్లో ఇళ్లు కట్టుకున్న ఉద్యోగస్తులు చందాలు వేసుకుని పెట్టిన సమాజం. లాభం కోసం కాదు, కళ కోసం అని గోడ మీద రాయించారు కూడా. ఆ చుట్టుపక్కల అంత పెద్ద సమాజం లేదు. దర్శకుడికి నెలనెలా జీతమిచ్చే సమాజం అసలే లేదు. కమిటీలో నేనూ ఉన్నాను. స్థానికుడు ఒకడుండాలి కదా. పెళ్లి ఫొటోలో ఓ మూల ఎవరి తరఫో తెలియని మనిషి నిలబడతాడు చూడండి, అట్లా.

ఎస్తేరక్కది దూలపల్లి. స్కూల్లో టీచరు, చర్చిలో క్రిస్మస్ నాటికలు వేయించేది. మేమంతా మాస్టారు అని పిలిచే మా పాత దర్శకుడి దగ్గర సహాయకురాలిగా చేరింది. మాస్టారికి మోకాళ్లు పట్టేశాక రిహార్సల్స్ అన్నీ ఆమే నడిపింది. పేరు మాస్టారికి వచ్చేది, గొంతు ఎస్తేరక్కకు పోయేది. మాస్టారు పోయాక ఆ కుర్చీ ఆమెదేనని హాలు ఊడ్చే మనిషికి కూడా తెలుసు. పొద్దస్తమానం ఇక్కడే ఉండాలి కదా అని ఆమె స్కూలు ఉద్యోగం మానేసింది. ఇంట్లో ఆమె సంపాదన ఒక్కటే.

మరి నేనెందుకు చేశాను? ఎన్నిసార్లు అడుక్కున్నా ఒకటే జవాబు, అదీ సిగ్గుపడే జవాబు. ఒకసారి రిహార్సల్‌లో నేను రాజు వేషం అడిగితే, "గొంతు మంచిగనే ఉంది తమ్మీ, ఒళ్లే ఇంకా ఆఫీసుల కూసుంది" అంది అందరి ముందు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా జన్మలో బాగా నటించింది ఆ నవ్వొక్కటే.

మా అధ్యక్షుడు రావుగారు మెత్తటి మనిషి. మెత్తటివాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన బావమరిది భాస్కర్ ఏదో ఉద్యోగం పోగొట్టుకుని అప్పుడే వీళ్లింట్లో దిగాడు. కోస్తాలో నాటక పోటీల్లో బహుమతులు తెచ్చుకున్నాడట. రావుగారు ఓ సాయంత్రం నన్ను కారెక్కించుకుని మేడ్చల్ దాకా దింపారు. అదివరకు ఎప్పుడూ దింపింది లేదు. అప్పుడే అర్థం కావాలి. కారు సీటు మెత్తగా ఉంది, నేను ఇంకా మెత్తగా ఉన్నాను.

మా దగ్గరొక ఆనవాయితీ ఉంది. ప్రతి నాటకానికీ ముందు తెర వెనక రంగపూజ. దీపం దర్శకుడే వెలిగించాలి, కొబ్బరికాయ దర్శకుడే కొట్టాలి. "ఆవిడకి అది ఇబ్బందేమోనండీ. మనం అడిగితే నొచ్చుకుంటారు. మీరు ఆవిడ మనిషి. మీరొక మాట చెబితే కమిటీకి సుఖం," అన్నారు రావుగారు. ఆ వెంటనే, వచ్చే ఏడు పౌరాణికంలో రాజు వేషానికి నా గొంతే సరిపోతుందని కూడా అన్నారు. రెండు మాటల మధ్య గేరు మార్చారంతే.

ఎస్తేరక్కకు ఇబ్బందా? ఏళ్ల తరబడి ఆ పళ్లెం సర్దింది ఆమే. వత్తులు చేసింది, నూనె పోసింది, గాలికి ఆరకుండా చేయి అడ్డం పెట్టింది. ఒక్క అగ్గిపుల్ల గీయడం మాత్రం మాస్టారి హక్కు. "మనం గూడ స్టేజికి మొక్కేటోళ్లమే గదరా. ఒక్కపారన్న నా చేతుల్తోని ముట్టియ్యాల్నని ఉంటది," అని నాతోనే అంది. నాతోనే.

నేను కమిటీలో ఏం చెప్పానంటే, పూజా అదీ తన వల్ల కాదని ఎస్తేరక్క నాతో అన్నదని చెప్పాను. తల దించుకుని చెప్పాను, బాధతో చెబుతున్నట్టు. ఒళ్లు ఆఫీసులో కూచోలేదు ఆ రోజు. కళ్లూ చేతులూ గొంతూ అన్నీ కలిసొచ్చాయి.

ఒక్కరన్నా ఆమెను పిలిచి అడగలేదు. హాల్లోనే ఉంది, పక్క గదిలో, నగిషీ కిరీటాలకు అట్ట అతికిస్తూ. పిలిస్తే వినపడే దూరం. పోనీ దీపం వేరేవాళ్లు వెలిగిస్తే నాటకం ఆగుతుందా అనైనా ఎవరూ అనలేదు. ఆ మాట ఒక్కటి అంటే నా అబద్ధం అక్కడే ఆరిపోయేది. "పాపం, ఆవిడ మనసు నొప్పించడం ఎందుకు" అన్నారు. మనసు నొప్పించకుండా బతుకు లాక్కోవడం, ఇదీ మా కాలనీల మర్యాద! వాళ్లను తిడుతున్నానా? తిడుతున్నాను. కానీ అగ్గిపుల్ల ఇచ్చింది నేనే కదా, మంటను ఏ నోటితో తిట్టాలి?

దర్శకుడి కుర్చీలోకి భాస్కర్ వచ్చాడు. ఎస్తేరక్కకు ఎవరూ కారణం చెప్పలేదు. సున్నితమైన విషయం కదా. వారం గడిచాక వేషాల గదిలో చీరలు మడతపెడుతూ నన్ను ఆపింది.

"ఏం తమ్మీ, గా మీటింగ్ల ఏమైంది?"

"నాకేం ఎరుక అక్కా."

"నువ్వు లోపట్నే ఉంటివి గద. నీకు ఎరుక లేకుంటె ఇంకెవలకుంటది? నాల ఏం తప్పు జూసిండ్రో జెప్పు. దిద్దుకుంట."

"ఏమో అక్కా. ఓట్లల్ల పోయింది."

ఆమె నా మొహంలోకి చూసింది. ఒక నటుడి ఒళ్లు ఎక్కడ అబద్ధమాడుతుందో కనిపెట్టే కళ్లవి. కనిపెట్టిందా? నాకు ఇప్పటికీ తెలియదు. చీర మడత పూర్తి చేసింది.

"సరే తీ. కొత్త సారుకు చెప్పు, లైట్ల బోర్డుకాడ మూడో స్విచ్ తడిచేతుల్తోని ముట్టొద్దని. షాక్ కొడ్తది."

ఆ స్విచ్ సంగతి భాస్కర్‌కి చెప్పకుండా ఉంటే బాగుండుననుకున్నాను. కానీ చెప్పాను. పెద్ద పాపం చేసినవాడికి చిన్న పాపానికి ధైర్యం చాల్లేదు.

ఆమె జవహర్‌నగర్‌లో ఒక చిన్న బడిలో చేరింది. పాత జీతంలో సగం. సిటీ చెత్తంతా అక్కడ పొయ్యడం మొదలయ్యాక, ఆ కుప్పల వాసనకు కిటికీలు మూసుకుని పాఠం చెబుతుందని ఎవరో అన్నారు. మూసిన గదిలో ఆ గొంతు. మళ్లీ ఎక్కడా నాటకం వేయించినట్టు వినలేదు. చర్చిలో కూడా మానేసిందట. ఒకసారి అటు వెళ్లే బస్సు ఎక్కి మధ్యలోనే దిగిపోయాను. దిగి ఏం చేశాను? టీ తాగాను.

నా వేషం సంగతి అడుగుతున్నారా? రాజు పాత్ర భాస్కరే వేసుకున్నాడు. నాకు కూడా పాత్ర దొరికింది, రిహార్సల్స్‌లో అందరికీ టీ పోసే పాత్ర. తర్వాత దయతలచి ప్రాంప్టింగ్ ఇచ్చారు. పక్క తెర చాటున నిలబడి, మర్చిపోయినవాళ్లకు మాట అందించే పని. రావుగారి దగ్గరికి వెళ్లి, ఏమండీ మీరన్నది అని అడగబోయాను. "మీ లాంటి నిస్వార్థపరులు ఉండబట్టే సమాజం నడుస్తోంది" అన్నారు. అంత మెత్తగా చెప్పుతో కొట్టడం ఆయనకే చెల్లింది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నాను? క్షమించడానికి మీరు ఎస్తేరక్క కాదు. ఆమె దగ్గరికి వెళ్లి చెప్పే మగతనం నాకు లేదు, వస్తుందని నమ్మకమూ లేదు. కోపం తగ్గిందా అంటే తగ్గలేదు, వాళ్ల మీదా, నా మీదా. కానీ ఆమె అనని మాటను ఆమె అన్నదని చెప్పాను అని ఇట్లా రాసుకుంటే నాలుక మీద ముల్లు కొంచెం కదిలింది. అంతే. అంతకంటే అడిగే హక్కు నాకు లేదు.

ఒకటి మాత్రం చేశాను, అదీ చెప్పేస్తాను. రెండు వేల సంవత్సరం దాటాక ఒక వార్షికోత్సవంలో హాలు నిండిపోయింది. రావుగారు ముందు వరసలో శాలువా కప్పుకుని కూర్చున్నారు. భాస్కర్ రాజు వేషంలో పద్యం ఎత్తుకున్నాడు. రెండు పాదాలు పాడాడు. మూడోది మర్చిపోయాడు. హార్మోనియం వాయించేవాడు ఆ స్వరాన్నే పట్టుకుని లాగుతున్నాడు. భాస్కర్ రాగం తీస్తూ తీస్తూ పక్క తెర దాకా నడిచొచ్చి నావైపు చూశాడు. మూడో పాదం నాకు పుస్తకం కూడా అక్కర్లేదు. ఆ వేషం నాదవుతుందని మొత్తం నోటికి పట్టినవాణ్ణి.

నేను కూడా అతన్నే చూస్తూ నిలబడ్డాను.

రాగం అయిపోయింది. అతను వెనక్కెళ్లి మళ్లీ మొదటి పాదం అందుకున్నాడు. రెండోది దాటి అక్కడే ఆగాడు. జనంలో ఎవరో ఈల వేశారు. రావుగారు శాలువా సర్దుకున్నారు. కిరీటం కింద చెమట కారుతుండగా భాస్కర్ ఈసారి రెండు చేతులూ జోడించాడు, చూసేవాళ్లకు అది అభినయం లాగే ఉంది.

నేను జేబులోంచి వక్కపలుకు తీసి నోట్లో వేసుకున్నాను.