దగ్గరగా వేసిన తలుపు

ఆమెను అందరూ తాళాలక్క అంటారు. వరసగా నాలుగంతస్తుల ఇళ్ళున్న ఆ పరాయిదేశపు వీధిలో మెట్లు తుడవడం ఆమె పని. కొత్తగా వచ్చిన మనవాళ్ళ ఇళ్ళ మారు తాళంచెవులన్నీ ఆమె నడుముకు దోపుకున్న గుత్తిలో ఉంటాయి. ఆమె మెట్లెక్కుతుంటే ఆ చప్పుడుకే, “అక్క వస్తోంది” అని లోపల పిల్లలు గుర్తుపడతారు. పొద్దున్నే దీపం పెట్టి, గుత్తిని దేవుడి పటం ముందు కాసేపు ఉంచి, “వీళ్ళ గడపలన్నీ చల్లగా ఉండాలి స్వామీ” అని దండం పెట్టుకుని గానీ చీపురు పట్టదు.

తన ఇంటి తాళంచెవి మాత్రం ఆ గుత్తిలో ఉండదు. పసుపుతాడుకు కట్టి మెడలో వేసుకుంటుంది. భర్త పోయి చాలా ఏళ్ళయిన మనిషి మెడలో పసుపుతాడేమిటని కొత్తవాళ్ళు చాటుగా అనుకుంటారు. అడగరు.

రెండో అంతస్తులోకి ఒక చిన్న సంసారం కొత్తగా దిగింది. భర్త చల్లని గిడ్డంగిలో పెట్టెలు మోసే పనికి కుదిరాడు. పనిలో ఉన్నంతసేపూ ఫోను అక్కడి బీరువాలో పెట్టేయాలి. భార్యకు ఇరవై నాలుగేళ్ళు. ఆ దేశపు భాషలో నాలుగు మాటలు కూడబలుక్కుంటుంది. చంకలో పాప. ఇంకా నిలబడడం రాదు గానీ పాకడంలో పిల్లిపిల్లే.

ఆ పూట పని ముగించుకుని అక్క వాళ్ళింటికి వెళ్ళింది. కొత్త సంసారం ఏదొచ్చినా ఒకసారి కూర్చుని నాలుగు మాటలు చెప్పి రావడం ఆమె అలవాటు. ఎవరూ చెప్పమని అడగరు, చెప్పినందుకు ఎవరూ ఏమీ ఇవ్వరు.

“చిరునామా కాగితం మీద కాదమ్మా, నోట్లో ఉండాలి. కాగితం సంచిలో ఉంటుంది, సంచి బస్సులో పోతుంది. ఆపదొచ్చి ఫోను చేస్తే ముందు ఎక్కడో చెప్పు, తర్వాత ఏమిటో చెప్పు. మధ్యలో లైను తెగినా ఎక్కడికి రావాలో వాళ్ళకు తెలుస్తుంది. అర్థం కాకపోతే తలూపకు. మన తల ఊపుడు వాళ్ళకు ఔననో కాదనో తెలీదు.”

“అది నిజమే అక్కా. నిన్న కూరగాయల కొట్లో తలూపితే మూడు సంచులు కట్టిచ్చాడు.”

“కట్టనీ, తిందురుగాని. కింద ఇంటి ముసలాయన కనిపిస్తే నమస్కారం పెట్టు.”

“పెడుతూనే ఉన్నానక్కా. గోడకు పెట్టినా అంతే.”

“ఆయన పలకడు. అయినా పెట్టు. తాళింపు వేసేటప్పుడు వంటింటి కిటికీ తెరిచి పెట్టు, లేకపోతే పైనున్న ఆ గుండ్రటి డబ్బా గోల పెడుతుంది.”

“మొదటి రోజే పెట్టింది. అప్పట్నుంచి కిటికీ మూయడమే మానేశాను.”

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పుడు అక్క నెమ్మదిగా అంది, “మారు తాళంచెవి ఒకటి నా దగ్గర పెట్టమ్మా. మంచిది.”

అమ్మాయి నవ్వు సగంలో ఆగింది. ఎవరికీ ఏదీ ఇవ్వొద్దని భర్త వచ్చిన రోజే చెప్పాడు. “ఆయన్ని అడిగి చెప్తానక్కా,” అంది.

“అడుగమ్మా. తొందరేముంది,” అని అక్క లేచింది.

తాళంచెవి మాట తర్వాత ఆమె ఎప్పుడూ చెప్పే మాట ఇంకొకటుంది. అది గొంతులోనే ఆగిపోయింది. ఇవ్వనని ఇప్పుడే అన్న పిల్లకు తలుపు సంగతి చెబితే, తాళంచెవి కోసం బెదిరిస్తున్నట్టుంటుందని మొహమాటపడింది.

ఆ పిల్లకూ మొహమాటమే. పెద్దది, మంచి చెప్పడానికొచ్చింది, కాదన్నాను కదా అని మనసు పీకింది. చాప మీద పాప స్పూనుతో ఆడుకుంటోంది. పొయ్యి మీద పాలు సన్నని సెగన కాగుతున్నాయి. వీధి వాకిలి దాకా సాగనంపి ఒక్క నిమిషంలో వచ్చేయొచ్చు.

“వద్దమ్మా, నేను వెళ్తాలే,” అని అక్క అంటున్నా వినకుండా వెంట దిగింది.

వాకిట్లో అక్క వెనక్కి తిరిగి ఆమె కాళ్ళ వైపు చూసింది. చెప్పుల్లేవు. చేతుల వైపు చూసింది. ఏమీ లేదు.

“తలుపు?”

“దగ్గరగా వేసే వచ్చానక్కా.”

అక్క మొహం పాలిపోయింది. “ఇక్కడ దగ్గరగా వేయడమనేది లేదే తల్లీ. వేస్తే పడిపోయినట్టే. దానంతటదే తాళం పడుతుంది.”

అమ్మాయి మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. తలుపు తోసింది. గోడను తోసినట్టుంది. భుజంతో గుద్దింది. ఆ చప్పుడుకు లోపల పాప జడిసి ఏడుపందుకుంది.

“పాలు అక్కా, పొయ్యి మీద పాలు. పక్కనే మసిగుడ్డ పెట్టాను.”

ఆయాసపడుతూ వెనకే వచ్చిన అక్క అప్పటికే ఫోను తీసింది. ముందు ఎక్కడో చెప్పింది, తర్వాత ఏమిటో చెప్పింది. అవతలి మనిషి ఏదో అడిగితే తలూపలేదు. మళ్ళీ చెప్పమంది. విని పెట్టేసింది.

“బయల్దేరారు. దారిలో రద్దీగా ఉందట. ఈలోగా చూద్దాం.”

మెట్ల కింద చిన్న అలమారా ఉంది. రోజూ తుడిచేదే. అందులో గ్యాసు గొట్టాలు, ఒక్కో ఇంటికి ఒక్కో పిడి. ఏది ఎవరిదో ఆమెకు తెలియదు. ఏదైతేనేం అనుకుని అన్నిటినీ తిప్పేసింది.

కింద తలుపు విసురుగా తెరుచుకుంది. పలకని ముసలాయన చేతిలో మూకుడుతో బయటికొచ్చి, అందులో సగం వేగిన గుడ్డు చూపిస్తూ తిట్లు లంకించుకున్నాడు. ఏ పలుకు పలకని నోరు ఆ పూట తిట్లకు బాగానే తెరుచుకుంది. అక్క వేలు పైకి చూపించి, ఆ భాషలో ఒక్క మాటే అంది.

“పాప.”

అప్పుడే పైన ఇంట్లో పొగ డబ్బా అరవడం మొదలుపెట్టింది.

ముసలాయన మూకుడు మెట్టు మీద పెట్టి బయటికి నడిచాడు. కాదు, పరుగెత్తాడు. ఇంటి చెప్పులతోనే.

పైన అమ్మాయి తలుపును అరచేతులతో బాదుతోంది. డబ్బా గోలకు తోడు ఆ బాదుడు. లోపల పాప ఏడుపు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినబడుతోంది. దూరమంటే వంటిల్లే. అక్క వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“బాదకు. బాదితే జడుసుకుని అటే పోతుంది. కింద పడుకో. ఉత్తరాలు వేసే సందుందిగా, అందులోంచి పిలువు.”

“అక్కా, నా వల్ల కాదు.”

“అవుతుంది. ఏడుపు గొంతుతో పిలిస్తే ఏడుస్తుంది. నవ్వుతూ పిలువు.”

అమ్మాయి నేల మీద బోర్లా పడుకుంది. సందు మీది రేకు వేలితో ఎత్తింది. చాప అంచు కనబడింది. దొర్లిన స్పూను కనబడింది. పైన పొగ పల్చగా తెరలా దిగుతోంది. పాప కనబడలేదు.

“ఎవరమ్మా అదీ,” అంది. గొంతు పగిలింది. మింగి మళ్ళీ అంది. “ఎవరమ్మా అదీ, నా చిట్టెలుక ఎక్కడుందీ. అమ్మ దాక్కుంది, పట్టుకో చూద్దాం. రా రా రా.”

ఏడుపు ఆగిపోయింది.

ఆగితే మంచిదో చెడ్డదో ఎవరికి తెలుసు? అక్క గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. చెయ్యి మెడలోని పసుపుతాడును గట్టిగా పట్టుకుంది. అమ్మాయి కదలకుండా పడుకుని అదే మాట అంటోంది. “పట్టుకో చూద్దాం. అమ్మను పట్టుకో చూద్దాం.” కళ్ళలోంచి నీళ్ళు కారి నేల తడుస్తోంది, గొంతు మాత్రం నవ్వుతోంది.

కాసేపటికి రేకు వెనక ఏదో తగిలింది. తడిగా, చిన్నగా. పాప వేళ్ళు. అమ్మాయి తన వేలు లోపలికి పెట్టింది. ఆ గుప్పిట దాన్ని పట్టుకుంది.

“పట్టుకుందక్కా.”

“వదలకు,” అంది అక్క.

బయట నిచ్చెన గోడకు తగిలిన చప్పుడైంది. పక్క సందులో గోడలకు రంగు వేస్తున్న పనివాణ్ణి ముసలాయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఆ రంగులవాడూ ఏదో దూరదేశం నుంచి వచ్చినవాడే. తెలుగు రాదు, ఆ దేశపు భాషా అంతంతే. ముసలాయన తెరిచి ఉన్న వంటింటి కిటికీ చూపించి, రెండు చేతులూ ఊయలలా ఊపాడు. రంగులవాడికి అంతకన్నా చెప్పనక్కర్లేకపోయింది. ముసలాయన నిచ్చెన అడుగున తన బరువంతా వేసి నిలబడ్డాడు.

లోపల అడుగుల చప్పుడు. ఏదో లోహం నీళ్ళలో పడి చుయ్యిమంది. తర్వాత తలుపవతల ఒక మగ గొంతు, ఎవరికీ రాని భాషలో, మెత్తగా ఏదో అంది. అమ్మాయి వేలు వదిలించుకుంది. తలుపు తెరుచుకుంది.

అతని ఒంటినిండా సున్నం, నీలం రంగు చుక్కలు. భుజం మీద పాప. పాప బుగ్గ మీద కూడా ఒక నీలం చుక్క.

పాలు మాడి గిన్నె నల్లబడింది. మసిగుడ్డ ఒక మూల కాలింది. గ్యాసు ఆగబట్టి అంతటితో సరిపోయింది. ఆ తర్వాత వచ్చిన అగ్నిమాపకంవాళ్ళు గదులన్నీ చూసి, పాప ఛాతీ విని, ఎవరినీ ఒక్క మాట అనలేదు. వాళ్ళలో ఒకావిడ అమ్మాయిని తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, గొళ్ళెం పడకుండా ఆపే చిన్న మీటను ఆమె వేలితోనే నొక్కించి చూపించి వెళ్ళింది. ముసలాయన తన మూకుడు తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

సాయంత్రం భర్త వచ్చాడు. విన్నాడు. పాపను ఎత్తుకున్నాడు. తర్వాత ఇద్దరూ కలిసి అక్క గదికి వెళ్ళారు. అతను జేబులోంచి మారు తాళంచెవి తీసి రెండు చేతులతో ఇచ్చాడు.

“తప్పుగా అనుకున్నానక్కా.”

“తప్పేముంది నాయనా. కొత్త ఊళ్ళో ఎవర్నీ నమ్మకపోవడం కూడా జాగ్రత్తే. తలుపు సంగతి ముందే చెప్పకుండా మొహమాటపడ్డాను, నాదే తప్పు,” అంది అక్క. దాన్ని దేవుడి పటం ముందున్న గుత్తిలోకి ఎక్కించింది.

అప్పుడు అమ్మాయి అడిగింది, అందరూ అడగకుండా ఉండిపోయిన మాట. “ఆ తాడు?”

అక్క దాన్ని బయటికి తీసి చూసుకుంది. “మేం వచ్చిన కొత్తలో నేనూ ఇలాగే తలుపు వేసుకుని మంచులో నిలబడ్డాను. మీ బావగారు పనినుంచొచ్చి, ‘మెడలో తాళి ఉంది, తాళంచెవి ఉండొద్దూ’ అని ఆయనే దీనికి ముడేశారు. ఆయన పోయాక పుస్తెలు తీసేశారు. తాడు ఉంచేస్తానన్నాను. తాళంచెవి వేలాడాలిగా మరి.”

మర్నాడు అమ్మాయి మెడలోనూ, పుస్తెల పక్కన, ఒక తాళంచెవి చేరింది.

సాగనంపడం మానమని అక్క ఎప్పుడూ అనలేదు. బిడ్డను చంకనేసుకుని రమ్మంది, అంతే. ఇప్పటికీ అక్క వచ్చి వెళ్తుంటే ఆ పిల్ల పొయ్యి కట్టేసి, పాపతో వాకిలి దాకా దిగుతుంది. అక్క “వెళ్ళొస్తా” అనదు. “తాళంచెవి?” అంటుంది.

“మెడలో ఉందక్కా.”

దిగేటప్పుడు కింది తలుపు తెరిచి ఉంటే పాప అటు చెయ్యి ఊపుతుంది. లోపల్నుంచి ముసలాయన మాట్లాడడు. చెయ్యి మాత్రం కొంచెం పైకి లేస్తుంది.