కోడిపిల్లల బుట్ట మీది బల్బు

నేను జనగామలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్తాను. పోయిన చలికాలం జఫర్‌గఢ్‌లో మా అక్క ఇంటికి ఎల్‌ఈడీ బల్బులు కొనుక్కుని పోయాను.

"ఇంకా గీ పాత బల్బులేందక్కా? కరెంటు దండుగ!" అని క్లాసు పీకి, ఆమె చేనుకు పోయినప్పుడు అన్నీ మార్చేశాను. కొట్టంలో కోడిపిల్లల బుట్ట మీద వేలాడే పెద్ద బల్బును కూడా వదల్లేదు. సాయంత్రం కొట్టంలో వెలుగు కనిపించేసరికి అక్కకు అనుమానం రాలేదు.

తెల్లారి ఆమె కేకకు ఉలిక్కిపడి లేచాను. బుట్టలో పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడి బిగుసుకుపోయాయి. మూడింటికి మాత్రం ప్రాణం ఉంది.

"గా బల్బు వెలుగుకు కాదు తమ్మీ, వేడికి పెట్టిన. తల్లికోడిని కుక్క పట్టుకపోయింది" అంది అక్క, ఆ మూడింటినీ కొంగులో చుట్టుకుంటూ.

పాత బల్బులో కరెంటు చాలావరకు వేడిగానే పోతుందని ఏటా బోర్డు మీద రాసేది నేనే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అక్క నన్ను తిట్టలేదు. చాయ్ పెట్టి ఇచ్చింది.

బల్బు విప్పేముందు అక్కను ఒక్క మాట అడిగి ఉంటే అవి బతికేవి. ఇన్నేళ్లుగా చెప్పడమే అలవాటైన నాకు, అడగాలని తట్టనే లేదు.